తెరకెక్కని గీత

యానిమేలో, అంటే జపాన్ యానిమేషన్‌లో, ముఖ్య భంగిమలు గీసే కీ యానిమేటర్ తన బొమ్మను ఎంత శ్రద్ధగా క్లీనప్ చేసినా (శుభ్రమైన గీతలతో తిరిగి గీసినా), ఆ పెన్సిల్ గీత మామూలుగా తెర మీదికి రాదు. అతని కాగితాన్ని ఇంకొకరు లైట్ బాక్స్ మీద పెట్టి, పైన కొత్త కాగితం వేసి, ప్రతి గీతనూ మళ్లీ లాగుతారు. స్కానర్లోకి వెళ్లేదీ ఆ రెండో గీతే, రంగు పడేదీ దానికే. ఈ సంగతి పట్టుకుంటే తక్కిన పద్ధతంతా సులువుగా అర్థమవుతుంది. శుభ్రమైన కీ డ్రాయింగు ప్రదర్శనకు పెట్టే బొమ్మ కాదు, ముక్కూమొహం తెలియని మనిషికి రాసిన ఉత్తరం. చదివేవాడికి ఎక్కడా అనుమానం రాకూడదు.

ముందు నాలుగు మాటలు పరిచయం చేసుకోవాలి. కీ డ్రాయింగును జపనీయులు గెంగా అంటారు. గెంగాల మధ్య ఖాళీలు నింపే ఇన్‌బిట్వీన్ బొమ్మలు డోగా. బొమ్మలన్నీ ఒక్క చేతి నుంచి వచ్చినట్టు కనిపించేలా సవరించే యానిమేషన్ డైరెక్టర్ సక్కాన్. ఎపిసోడ్ దర్శకుడు ఎన్షుత్సు. వాళ్లు కట్ అనేదాన్ని మన సినిమావాళ్లు షాట్ అంటారు. అరగంట టీవీ ఎపిసోడ్‌లో ఇలాంటి కట్లు 300 చిల్లర ఉంటాయి. ఒక్కో కట్‌కి ఒక కవరు ఉంటుంది. దాని మీద కట్ నంబరు, నిడివి, ఎవరి దగ్గరికి ఎప్పుడు వెళ్లిందన్న వివరాలు రాస్తారు. బొమ్మలన్నీ ఆ కవరులోనే తిరుగుతాయి.

ఉదాహరణకి ఒక మామూలు కట్ తీసుకుందాం. బల్ల ముందు కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఒక ముక్క మాట్లాడి, బల్ల మీద చెయ్యి ఆనించి లేచి, తలుపు వైపు తల తిప్పుతుంది. నిడివి 4+12, అంటే 4 సెకన్ల 12 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన మొత్తం 108. స్టోరీబోర్డులో దీనికి దక్కేది అగ్గిపెట్టె అంత గడి ఒకటో రెండో, పక్కన రెండు వాక్యాలు. దర్శకుడితో జరిగే సమావేశంలో యానిమేటర్ అడగాల్సింది ఆ గడిలో లేని సంగతులే. ఆమె ఎందుకు లేస్తోంది? చప్పుడు విన్నదా, విసుగొచ్చిందా? ముందటి కట్ చివర ఆమె కుడిచెయ్యి ఎక్కడుంది? వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది? అక్కడ అడగని ప్రశ్న తర్వాత సవరణ కాగితమై తిరిగొస్తుంది.

ఆ తర్వాత లేఅవుట్, అంటే ఫ్రేములో పాత్ర, గది, కెమెరా ఎక్కడెక్కడ ఉంటాయో తేల్చే కాగితం. దీన్ని ఒక వ్యవస్థగా నిలబెట్టిన సందర్భంగా అందరూ చెప్పేది 1974 నాటి టీవీ సిరీస్ ‘హైదీ’. దాని 52 ఎపిసోడ్లకీ లేఅవుట్ పని హయావో మియజాకీ ఒక్కరే చూశారు. ఇప్పుడు ఆ పని ఎవరి కట్‌కి వాళ్లు చేసుకుంటున్నారు. అవసరం మాత్రం అదే. బ్యాక్‌గ్రౌండ్ ఒకరు వేస్తారు, పాత్రను వేరొకరు గీస్తారు, రెండూ కలిసేది చివర కాంపోజిటింగ్‌లో. ఆ ముగ్గురికీ ఉమ్మడి పత్రం లేఅవుట్ ఒక్కటే.

ఆ కాగితంలో ముందు తేలాల్సింది ఐ లెవెల్, అంటే కెమెరా కన్ను నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది. మన కట్‌లో బల్ల ఎత్తు 70 సెంటీమీటర్లనుకుందాం. ఐ లెవెల్ కూడా 70 దగ్గరే పెడితే బల్ల పైభాగం ఒక్క అడ్డగీతగా మారిపోతుంది. చెయ్యి ఎక్కడ ఆనించిందో చూపించడానికి జాగా ఉండదు. అందుకని కెమెరాను 100కి ఎత్తుదాం. సమతలమైన నేల మీద ఎక్కడ నిలబెట్టిన వస్తువునైనా ఐ లెవెల్ గీత సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తు దగ్గరే కోస్తుంది. కుర్చీ ఉన్నచోట నేల నుంచి ఆ గీతకి కాగితం మీద 8 సెం.మీ. వచ్చిందనుకుంటే, 40 సెం.మీ. ఎత్తున్న కుర్చీ పీట నేల నుంచి 3.2 సెం.మీ. దగ్గర రావాలి. 150 సెం.మీ. అమ్మాయి లేచి నిలబడితే 12 సెం.మీ. ఉండాలి. అంటే ఐ లెవెల్ పైన ఇంకో 4 సెం.మీ. కావాలి. ఫ్రేములో పైన మిగిలింది 3 అయితే, లేవగానే తల తెగిపోతుంది. కూర్చున్న భంగిమ ఒక్కటే అందంగా గీసి పంపించిన లేఅవుట్లు ఇక్కడే దొరికిపోతాయి. మొదటి భంగిమ, చివరి భంగిమ రెండూ ఒకే కాగితం మీద వేసి చూస్తే తప్ప ఈ లోపం బయటపడదు. పడ్డాక దారులు కొన్నే ఉంటాయి: కెమెరాను వెనక్కి జరపడమో, పైకి పాన్ చేయడమో (కట్ నడుస్తుండగా ఫ్రేమును పైకి జరపడం). పాన్ అయితే కాగితాన్ని పైకి పొడిగించి, మొదటి ఫ్రేమునూ చివరి ఫ్రేమునూ విడివిడిగా గుర్తించాలి.

పాదాల సంగతీ అంతే. ఫ్రేములో నడుము దాకే కనిపిస్తుంది కదా అని కాళ్లు గీయకుండా వదిలేస్తే నడుము ఎత్తు ఊహగా మారుతుంది. లేచేటప్పుడు మనిషి బరువుతో లేచినట్టు ఉండదు, తాడు కట్టి పైకి లాగినట్టు ఉంటుంది. ఫ్రేము బయట రెండు పాదాలకీ సన్నగా గీత పెట్టడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం మిగుల్చుకునేవాళ్లే ఎక్కువ.

ఇక ఏది ఏ పొర అన్న నిర్ణయం. కదిలేవన్నీ సెల్ పొరలు, అడుగున ఎ, దాని పైన బి, ఆ పైన సి. కదలనిది బ్యాక్‌గ్రౌండ్. పాత్రకు ముందు అడ్డంగా ఉండే బ్యాక్‌గ్రౌండ్ ముక్కను బుక్ అంటారు. అమ్మాయి లేచేటప్పుడు కుర్చీ వెనక్కి జరిగితే కుర్చీని కూడా సెల్‌గా గీయాలి. అప్పుడది చదునైన రంగుతో ఉండి, రంగులద్దిన గదిలో విడిగా తేలుతుంది. జరగకపోతే బ్యాక్‌గ్రౌండ్‌లోనే ఉంటుంది, కానీ కుర్చీకీ బల్లకీ మధ్య ఆమె లేవడానికి చోటు ముందే ఉంచాలి. బల్ల అంచు వెనక ఆమె ఒడి దాగేచోట ఇంకో చిక్కుంది. బల్ల బుక్ కాకపోతే సెల్‌ను ఆ అంచు వెంబడి కోసినట్టు ముగించాలి. ఆ గీతను కుమి అంటారు, రంగు పెన్సిల్‌తో వేసి పక్కన రాస్తారు. బ్యాక్‌గ్రౌండ్ చిత్రకారుడు ఆ అంచును ఒక్క మిల్లీమీటరు కిందికి దించినా పాత్రకీ బల్లకీ మధ్య సందు కనిపిస్తుంది. లేఅవుట్ ఆమోదం పొందగానే దాని బ్యాక్‌గ్రౌండ్ భాగం కాపీ అయి ఆర్ట్ విభాగానికి వెళ్లిపోతుంది. అక్కడ రంగులు పడుతుండగా ఇక్కడ యానిమేటర్ ‘బల్ల కొంచెం ఎడమకి ఉంటే బాగుండేది’ అనుకుని జరిపితే, రెండు విభాగాలు రెండు వేర్వేరు గదులు గీస్తున్నట్టు లెక్క.

లేఅవుట్‌తో పాటే రఫ్ కీలు, ఏ ఫ్రేములో ఏ బొమ్మ రావాలో రాసే టైమ్ షీటు కూడా వెళ్తాయి. మామూలు షీటులో 144 ఫ్రేములకు చోటుంటుంది, అంటే 6 సెకన్లు. మన 108 ఫ్రేములు ఒక్క షీటులో సరిపోతాయి. ఎడమ నిలువు గడుల్లో కీ బొమ్మల అంకెలు సున్నాలు చుట్టి వేస్తారు. కుడివైపు ఒక్కో సెల్‌కి ఒక్కో గడి, చివర కెమెరా సూచనలు. ఈ కట్‌కి కీలు అయిదు: కూర్చున్నది, చెయ్యి ఆనించి ముందుకు వంగినది, కుర్చీ వదిలి సగం లేచినది, నిలబడినది, తల తిప్పినది. మొదటి 24 ఫ్రేములు నిశ్చలం, మాట ఆ సెకనులోనే. తర్వాత వంగడానికి 12 ఫ్రేములు, మూడేసి ఫ్రేములకొక బొమ్మ చొప్పున 4 బొమ్మలు. ఆ వంపులో 6 ఫ్రేములు ఆగాలి. లేవడానికి 12 ఫ్రేములు, రెండేసి చొప్పున 6 బొమ్మలు. నిలబడి సర్దుకోవడానికి 12, తల తిప్పడానికి 12, మిగిలిన 30 చూపు నిలిపి ఉంచడానికి. అంతా రెండేసి ఫ్రేముల మీదే గీస్తే నునుపుగా ఉంటుంది కానీ, వంగడంలో ఉన్న తటపటాయింపు పోతుంది. మూడేసి ఫ్రేముల పద్ధతి పొదుపు కోసం పాతుకుపోయిన మాట నిజమే. చేయితిరిగినవాళ్ల చేతిలో మాత్రం అది లయ.

మాట్లాడే నోరు వేరే సెల్ మీద మూడు బొమ్మలతో నడుస్తుంది: మూసినది, సగం తెరిచినది, తెరిచినది. తల కదలనంత సేపే ఈ ఏర్పాటు. మాట వంగడంలోకి పొంగితే నోటిని కూడా తలతో కలిపి ఒకే సెల్‌లో గీయాల్సి వస్తుంది. అందుకే మాట ఎక్కడ ముగుస్తుందో షీటులో ముందే తేల్చుకుంటారు.

ఇంతవరకూ అయ్యే పనిని మొదటి గెంగా అంటారు. కవరు ఎన్షుత్సు దగ్గరికి, అక్కడి నుంచి సక్కాన్ దగ్గరికి, పెద్ద సిరీస్ అయితే ఆ పైన ప్రధాన సక్కాన్ దగ్గరికి వెళ్తుంది. వాళ్లెవరూ మూల కాగితం మీద గీయరు. రంగు కాగితం పైన వేసి తమ సవరణ గీస్తారు. ఏ రంగు ఎవరిదన్నది స్టూడియోను బట్టి మారుతుంది. అన్ని కాగితాలకీ అడుగున ఒకే తరహా మూడు రంధ్రాలు, ట్యాప్ అనే పట్టీకి తగిలించడానికి. కాబట్టి ఎన్ని పొరలు పేర్చినా గీతలు చోటు తప్పవు. ఈ కవర్లను రాత్రీపగలూ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరవేసే ప్రొడక్షన్ అసిస్టెంట్ పేరు బొమ్మలు గీసే వాళ్ల చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది. అతను ఒక్క రోజు పడకేస్తే ఎపిసోడ్ కూడా పడకేస్తుంది.

సవరణలతో తిరిగొచ్చిన కట్‌ను శుభ్రంగా గీయడం రెండో గెంగా. రఫ్ గీసిన మనిషే ఇదీ చేస్తే మంచిది. టీవీ పనిలో తరచూ అలా జరగదు. జీతం కాకుండా కట్‌కింత అని చెల్లించే చోట, పేరున్న యానిమేటర్ రఫ్ వేసి ఆ వాటా డబ్బు తీసుకుని ఇంకో ఎపిసోడ్‌కి వెళ్లిపోవడం అందరికీ అనుకూలంగానే కనిపిస్తుంది. క్లీనప్ వేరొకరికి పోతుంది. ఈ రోజుల్లో ఆ వేరొకరు సముద్రం అవతల ఇంకో దేశంలో ఉండి, అంచుల్లో జపనీస్‌లో రాసిన సూచనలను అనువాద యంత్రంతో చదువుకుంటూ ఉండొచ్చు. రెండో గెంగా అనే పని కొత్తది కాదు. జపాన్‌లోని తోయే యానిమేషన్ స్టూడియో తొలి దశాబ్దాల్లోనే ఉండేది. అప్పుడది గురువు పక్క గదిలో కూర్చుని నేర్చుకునే శిష్యరికం. ఇప్పుడా గురువు గది లేదు, కవరు మాత్రం ఉంది.

క్లీనప్ అంటే పలక మీద అక్షరాలు దిద్దడం లాంటిదనుకోవడం సహజం. దిద్దేవాడి చేతికింద అక్షరం ముందే తేలి ఉంటుంది. రఫ్‌లో అలా ఉండదు. ఒక చెంపకి మూడు గీతలుంటాయి. సక్కాన్ వేసిన పసుపు కాగితం మీద కళ్లూ గడ్డమూ మాత్రమే ఉంటాయి, చెవి ఉండదు, మెడ ఉండదు. పైగా సక్కాన్ అయిదు కీలూ దిద్దడు. సమయం చూసుకుని ఒకటో కీ, అయిదో కీ దిద్ది మధ్యలో ‘ఇలాగే’ అని రాస్తాడు. ఆ ‘ఇలాగే’ని రెండు, మూడు, నాలుగో కీలకు మోసుకెళ్లడమే రెండో గెంగా అసలు పని. సక్కాన్ కళ్ల మధ్య దూరం ఒక మిల్లీమీటరు తగ్గించాడా, గడ్డాన్ని పొట్టి చేశాడా అని కొలిచి, ఆ తేడాను తల కోణానికి తగ్గట్టు మార్చి మిగతా కీలలో పెట్టాలి. సవరణ ఉన్న కాగితాలను మాత్రమే లాగేసి తక్కినవి రఫ్ ప్రకారం వదిలేస్తే, లేచే దారిలో మొహం ఒకరిది, నిలబడ్డాక మొహం ఇంకొకరిది అవుతుంది. ప్రేక్షకుడు దీనికి పేరు పెట్టలేకపోవచ్చు, తేడా మాత్రం పట్టేస్తాడు.

మూడు గీతల్లో ఏది ఉంచాలన్నదానికి తేలికైన తప్పు ఒకటుంది: మధ్యగీత ఎంచుకోవడం. సగటు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. వంగినప్పుడు బరువు మోస్తున్న మోచేయి దగ్గర రఫ్‌లో గీత విరుగుతుంది, ఎదురువైపు చొక్కా సాగి తిన్నగా ఉంటుంది. సగటు తీస్తే రెండు వైపులా ఒకే రకం వంపు మిగిలి చెయ్యి గొట్టంలా తయారవుతుంది. బల్లను తాకిన అరచేయి అంచు, కుర్చీని వదిలే తొడ అంచు, పాదం నేలను తాకే గీత లాంటి ఆనిక చోట్లను ముందు గట్టిగా ఖాయం చేసుకుని, అక్కడి నుంచి పైకి గీసుకుంటూ వస్తే బరువు నిలుస్తుంది. జుట్టు, కాలర్ చివరికి. జుట్టు పాయల లెక్క, గుండీల లెక్క పాత్ర నమూనా పటంతో సరిపోవాలి. రెండో కీలో అయిదు పాయలు, మూడో కీలో నాలుగు ఉంటే మధ్య బొమ్మ గీసే మనిషికి ఆ అయిదో పాయ ఎక్కడ మాయమవాలో చెప్పే నాథుడుండడు.

గీత తెగకూడదు, రెండుగా ఉండకూడదు, సందు ఉండకూడదు. నల్ల పెన్సిల్ ఆకారానికి. నీడ హద్దు సాధారణంగా నీలం, మెరుపు హద్దు ఎరుపు. నీడ పడే మేరను కాగితం వెనకవైపు లేతగా పూయడం పాత అలవాటు, ముందువైపు గీత మసకబారకుండా. ఈ రంగు గీతలకు మెత్తటి పెన్సిళ్లు పనికిరావు. మొన తొందరగా అరిగిపోతుంది, చేతికింద పులుముకుంటుంది. మిత్సుబిషి పెన్సిల్ కంపెనీ 7700 రకం గట్టి రంగు పెన్సిళ్లకు ఈ పరిశ్రమ అంతగా అలవాటు పడింది అందుకే. (కార్ల మిత్సుబిషితో దీనికి సంబంధం లేదు, మూడు వజ్రాల గుర్తు మాత్రం ఇద్దరిదీ ఒకటే.) 2015లో ఎరుపు తప్ప మిగతావి ఆపేస్తామని ఆ కంపెనీ ప్రకటిస్తే, యానిమే వాళ్ల మొర విని నారింజ, లేత నీలం, చిలకపచ్చ కొనసాగించింది. 2021లో ఆ మూడూ కూడా ఆగాయి.

నీడ హద్దు విషయంలో క్లీనప్ చేసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఆకారంలో కాదు, లెక్కలో. నాలుగు కీలలో ముక్కు కింద నీడ ఉండి ఒకదానిలో మరిచిపోతే, మధ్య బొమ్మల్లో కొన్నింటికి నీడ వచ్చి కొన్నింటికి రాక తెర మీద టపటపా మెరుస్తుంది. వాళ్ల మాటలో అది పకా.

శుభ్రమైన కీ అంచున ఒక చిన్న నిచ్చెన లాంటి గీత ఉంటుంది, పేరు త్సుమె. రెండు కీల మధ్య బొమ్మలు ఎంతెంత దూరంలో పడాలో అది చెబుతుంది. ఉదాహరణకి వంగేటప్పుడు చెయ్యి కాగితం మీద 8 సెం.మీ. ప్రయాణిస్తుంది, కొత్త బొమ్మలు 4. సమానంగా పంచితే 2, 2, 2, 2. యంత్రంలా సాగి గోడకు కొట్టినట్టు ఆగుతుంది. అదే, మొదటి మధ్య బొమ్మను రెండు కీల సరిమధ్యన, తర్వాతది దానికీ చివరి కీకీ సరిమధ్యన, ఆ తర్వాతది మళ్లీ అలాగే పెట్టమంటే దూరాలు 4, 2, 1, 1. చెయ్యి బల్లను వెతుక్కుని మెల్లగా ఆనుతుంది. ఎప్పుడూ సగాలే ఎందుకు? డోగా మనిషి రెండు కాగితాలు కలిపి లైట్ మీద పెట్టి గీతకీ గీతకీ నడిమి చోటు కంటితోనే పట్టాలి. సగం కంటికి ఆనుతుంది, మూడోవంతు ఆనదు.

తల తిప్పడం మాత్రం నిచ్చెనకి లొంగదు. పక్క నుంచి కనిపించే మొహానికీ ఎదురుగా కనిపించే మొహానికీ యాంత్రికంగా మధ్య గీస్తే ముక్కు కుంచించుకుపోయి మొహం చదునవుతుంది. నిజానికి తల తిరిగేటప్పుడు గడ్డం కొంచెం కిందికి దిగి మళ్లీ లేస్తుంది, కళ్లు తల కన్నా ముందే అటు వెళ్తాయి. కాబట్టి అక్కడ మధ్యలో ఇంకో బొమ్మ కీ యానిమేటరే వేసి, అంకె చుట్టూ సున్నాకి బదులు త్రిభుజం గీసి పెడతాడు. ఇది మార్గదర్శక బొమ్మ అని దాని అర్థం. త్రిభుజాలు పొదుపుగా వాడి మెప్పు పొందినవాళ్లెవరూ లేరు.

అయిదు కాగితాలనూ వేళ్ల సందుల్లో ఇరికించుకుని టపటపా తిప్పి చూడటమే పాత పరీక్ష. మణికట్టు చోటును ప్రతి కీలోనూ చుక్కగా గుర్తించి, చుక్కల్ని కలిపితే వంపు తిరిగిన దారి రావాలి. ఒక చుక్క దారి తప్పితే అక్కడ చెయ్యి కుదుపుతుంది. మొహం కాగితం మీద మరీ చిన్నగా వస్తే పెన్సిల్ మందమే కన్నంత అవుతుంది. అప్పుడు బొమ్మను ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దగా గీసి, కాంపోజిటింగ్‌లో తగ్గించమని షీటులో రాస్తారు. రాయడం మరిచిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

టాబ్లెట్ మీద గీసేవాళ్లకు ఈ కాగితం బాధలు కొన్ని తగ్గాయి. గీసిన మరుక్షణం ఆడించి చూసుకోవచ్చు, టైమ్ షీటు కూడా ఫైలుగానే వెళ్తుంది. కొత్త జబ్బూ ఒకటి వచ్చింది. నాలుగు వందల శాతం దగ్గరికి లాక్కుని కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ గీయడం. ఫ్రేము పూర్తిగా చూస్తే అవన్నీ కలిసి నల్లటి మరక. చేతి వణుకు సరిచేసే స్టెబిలైజర్ ఎక్కువ పెడితే, విరగాల్సిన మోచేయి కూడా నునుపుగా వంగుతుంది. సాఫ్ట్‌వేర్ తానే సగటు తీసిపెట్టినట్టు.

సక్కాన్ ఇంకోసారి చూసి సంతకం పెట్టాక కవరు డోగాకి వెళ్తుంది, కీ గీతల్ని కూడా అక్కడ మళ్లీ లాగుతారు. స్కాన్ చేసిన గీతను మధ్యస్థపు బూడిదరంగు లేకుండా, ‘ఉంటే ఉంది, లేకపోతే లేదు’ అన్నట్టు విడగొడితేనే రంగు నింపే పని ఒక్క నొక్కుతో అవుతుంది. ఒక పిక్సెల్ సందున్నా రంగు బయటికి కారుతుంది. పెన్సిల్ ఊపు, ఒత్తిడి, తెగి మళ్లీ మొదలైన గీత లాంటివన్నీ ఆ దశలో రాలిపోతాయి. వాటిని తెర దాకా తీసుకెళ్లాలనే పంతంతో ఇసావో తకహతా 2013లో ‘కగుయా యువరాణి’ సినిమా తీశారు. తెగిన గీతలో రంగు నిలవదు కాబట్టి, కనిపించే గీతకి ఒక బొమ్మ, రంగు హద్దుకి కనిపించని ఇంకో బొమ్మ వేయాల్సి వచ్చింది. రఫ్ గీతను రఫ్‌గానే తెరకెక్కించడానికి క్లీనప్ కన్నా ఎక్కువ కాగితం పట్టింది.